కారుకు సరిపోయే స్పేర్ పార్టే కొనాలంటే: ఛాసిస్ నంబరు నుంచి బిల్లు దాకా

“అన్నా, డిజైర్‌కు ఎయిర్ ఫిల్టర్ కావాల.” “ఏ మోడలు?” “2020.”

అనంతపురం, కర్నూలు, కడపల్లో ఏ స్పేర్ పార్ట్స్ షాపుకు వెళ్లినా మాటలు ఇలాగే మొదలవుతాయి. చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. 2020లో రిజిస్టరైన డిజైర్ అంటే ఏ బండి? 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్‌తో వచ్చిన బీఎస్‌4 (పొగ కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన భారత్ స్టేజ్ ప్రమాణాల్లో నాలుగోది) బండి కావచ్చు. కే12ఎం పెట్రోల్ ఇంజిన్ బండి కావచ్చు. ఆ ఏడాది మార్చిలో ముందు భాగం మార్చి వదిలిన కే12ఎన్ ఇంజిన్ బండీ కావచ్చు. చివరి రెండూ 1.2 లీటర్ల పెట్రోలే, రెండూ బీఎస్‌6వే. షాపాయన అనుభవం ఉన్నవాడైతే ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాడు. కౌంటర్ దగ్గర రద్దీగా ఉంటే చేతికందిన డబ్బా ఇచ్చి పంపిస్తాడు.

పెద్ద నగరాల్లో తప్పు పార్టు వస్తే సాయంత్రానికల్లా మార్చుకోవచ్చు. మన దగ్గర ఫిల్టర్లు, ప్యాడ్లు, బల్బుల్లాంటి రోజూ కదిలే సరుకే షాపుల్లో ఉంటుంది. మిగతావి చాలావరకు అనంతపురానికి బెంగళూరు జేసీ రోడ్డు నుంచో, కర్నూలుకు హైదరాబాద్ నుంచో, కడపకు చెన్నై నుంచో బస్సు పార్సిల్‌లో రావాలి. తీరా వచ్చాక అది మన బండిది కాదని తేలితే దాన్ని వెనక్కి పంపే ఖర్చు మనదే, మళ్లీ తెప్పించే దాకా బండి షెడ్డులో జాకీ మీదే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది కాబట్టి కియా సామానుకు ఢోకా లేదనుకునేవాళ్లూ ఉన్నారు. ఫ్యాక్టరీ చేసేది కార్లు. మనకు పార్టు కావాలంటే మళ్లీ డీలరు కౌంటరుకే పోవాలి.

అందుకే నా సలహా ఒక్కటే. షాపుకు కారు పేరు చెప్పుకుంటూ వెళ్లొద్దు, పార్టు నంబరు పట్టుకుని వెళ్లండి. ఆ నంబరు ఎలా సంపాదించాలో, దాన్ని ఎలా సరిచూసుకోవాలో వరసగా చూద్దాం.

1. పోయింది ఆ పార్టేనా?

సరైన నంబరుతో అసలైన పార్టు కొన్నా, చెడిపోయింది వేరేదైతే డబ్బు దండగే. పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోతే వెంటనే బ్యాటరీ మార్చేయడం చాలామందికి అలవాటు. మల్టీమీటర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ముందు ఒక్కసారి చూపించండి. బండి కొన్ని గంటలు ఊరికే నిలబడ్డాక, పూర్తి చార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. కొత్త కార్లలో ఇది కొంచెం అటూ ఇటూ కావచ్చు. ఎంతసేపు నడిపినా 12 దగ్గరే ఆగిపోతుంటే అనుమానించాల్సింది ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును. కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో మళ్లీ అదే కథ.

స్కానర్ పెట్టి “ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్” అని చెప్తే కూడా ఆగండి. స్కానర్ చూపించే కోడ్ ఏ సర్క్యూట్లో తేడా ఉందో చెప్తుంది, ఏ పార్టు పోయిందో చెప్పదు. వైరు తెగినా, కప్లర్‌లో (వైర్లు కలిపే ప్లగ్గులో) తుప్పు పట్టినా, సైలెన్సర్ పైపు లీకైనా అదే కోడ్ రావచ్చు.

దీంతోపాటు ఇంకో ప్రశ్న కూడా మెకానిక్‌ను ఇప్పుడే అడగండి: దీనితో కలిపి ఇంకేమేం మార్చాలి? క్లచ్ విప్పితే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ సెట్‌గా మార్చడమే మేలు, ఎందుకంటే గేర్‌బాక్స్ దించే కూలీ రెండోసారి ఇవ్వక్కర్లేదు. ఆయిల్ మారిస్తే డ్రెయిన్ బోల్టు వాషర్ కావాలి. కొన్ని చోట్ల ఒకసారి విప్పిన బోల్టులు మళ్లీ వాడకూడదు. పది రూపాయల వాషర్ లేక బండి ఆగిపోవడం షెడ్డుల్లో మామూలే.

2. బండి వివరాలు సరిగ్గా రాసుకోండి

ఆర్‌సీ తీయండి. కావాల్సినవి ఐదు: ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, తయారైన నెల-సంవత్సరం, ఇంధనం, బీఎస్ ప్రమాణం. వీటికి తోడు బండి వేరియంట్ తెలియాలి. బేస్ మోడల్లో వెనక వైపర్ ఉండదు, టాప్ మోడల్లో ప్రొజెక్టర్ హెడ్‌లైట్లు ఉంటాయి. కాబట్టి హెడ్‌లైట్, బంపర్, అద్దాల్లాంటి వాటికి వేరియంటే ముఖ్యం.

రిజిస్ట్రేషన్ తేదీ చూసి మోడల్ చెప్పడం పెద్ద పొరపాటు. 2019 నవంబరులో తయారైన బండి 2020 ఫిబ్రవరిలో రిజిస్టర్ కావచ్చు. దేశమంతటా బీఎస్‌4 తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్‌లో, బీఎస్‌6 వచ్చింది 2020 ఏప్రిల్ 1న, దాని రెండో దశ 2023 ఏప్రిల్‌లో. ఈ తేదీలకు అటూ ఇటూ ఉన్న బండ్లలో ఇంజిన్ సెన్సర్లు, సైలెన్సర్, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపే భాగం), ఇంజెక్టర్ల విషయంలో తేడాలు వస్తాయి. మీ బండి ఈ సరిహద్దు నెలల్లో తయారైందైతే రెట్టింపు జాగ్రత్త అవసరం.

ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు అందులో ఎప్పుడూ వాడరు. 1, 0లతో తికమక పడకుండా ఆ ఏర్పాటు. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నాయే. చేత్తో రాసుకునేటప్పుడు తప్పు పడేది ఇక్కడే, అందుకే ఫొటో తీసుకోవడం మంచిది. ఫోన్లో చూపించే ఆర్‌సీలో కొన్నిసార్లు ఛాసిస్ నంబరులోని కొన్ని అక్షరాలు మూసేసి ఉంటాయి. అప్పుడు ఇన్సూరెన్స్ పాలసీ కాగితం చూడండి, అందులో పూర్తిగా ఉంటుంది. నెట్‌లో కొందరు పదో అక్షరం చూస్తే సంవత్సరం తెలిసిపోతుందని రాస్తుంటారు. మన దేశంలో అన్ని కంపెనీల బండ్లకూ అది పనిచేయదు. ఆర్‌సీలోని నెల, సంవత్సరమే ఖాయం.

బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న బండైతే బానెట్ ఎత్తి, ఇంజిన్ మీద చెక్కిన నంబరు ఆర్‌సీతో కలుస్తుందో లేదో చూసుకోండి. ఇంజిన్ మారిన బండికి ఛాసిస్ నంబరు పెట్టి తీసిన ఇంజిన్ పార్టు సరిపోతుందని నమ్మడానికి లేదు. పైగా ఆర్‌టీఓ దగ్గర నమోదు చేయించకుండా ఇంజిన్ మారిస్తే అది వేరే తలనొప్పి.

3. పార్టు నంబరు సంపాదించడం

దీనికి మూడు దారులు ఉన్నాయి, వీలైతే రెండింటితో సరిచూసుకోండి.

మొదటిది పాత పార్టు. గ్రీజు, మట్టి తుడిచి చూస్తే చాలా పార్టుల మీద నంబరు అచ్చువేసో, చెక్కో, స్టిక్కర్ అంటించో ఉంటుంది. అయితే బండి చేతులు మారిందైతే పాత పార్టే తప్పుది అయ్యుండొచ్చు. ముందటి యజమాని దొరికింది వేసి నెట్టుకొచ్చి ఉండొచ్చు. అందుకని దీన్నొక్కదాన్నే నమ్మొద్దు.

రెండోది షోరూం పార్ట్స్ కౌంటర్. ఛాసిస్ నంబరు ఇస్తే వాళ్ల కంప్యూటర్‌లోని కేటలాగ్‌లో ఆ బండికి ఫ్యాక్టరీలో ఏ పార్టు బిగించారో కనిపిస్తుంది. ఇదే అన్నింటికంటే నమ్మకమైన దారి. అక్కడే కొనాలన్న నియమం లేదు. మర్యాదగా అడిగితే నంబరు, ఎంఆర్‌పీ చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. కనీసం ధర అంచనా కాగితం అడగండి, అందులో నంబరు ఉంటుంది.

మూడోది కేటలాగులు. కార్ల కంపెనీల జెన్యూన్ పార్ట్స్ సైట్లు, బాష్, వాలియో లాంటి పార్టుల తయారీ కంపెనీల కేటలాగులు ఫోన్లోనే చూడొచ్చు. అమ్మకపు సైట్లలో “మీ కారుకు సరిపోతుంది” అనే టిక్కు మాత్రం సగం నమ్మండి. అది కారు పేరు, సంవత్సరం చూసి పెట్టిన టిక్కు, మీ ఛాసిస్ చూసి పెట్టింది కాదు.

నంబరు చేతికొచ్చాక దాన్ని చదవడం కాస్త తెలిస్తే కౌంటర్ దగ్గర చాలా పనికొస్తుంది. సుజుకి, హ్యుందాయ్, కియా, టయోటా నంబర్లలో మొదటి ఐదు అంకెలు అది ఏ పార్టో చెప్తాయి, మిగతావి అది ఏ రకానిదో చెప్తాయి. హ్యుందాయ్, కియాల్లో 26300తో మొదలైతే ఆయిల్ ఫిల్టర్, 28113 అయితే ఎయిర్ ఫిల్టర్, 58101 అయితే ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు, 97133 అయితే ఏసీ ఫిల్టర్. టయోటాలో 04465 ముందు ప్యాడ్లు, 04466 వెనక ప్యాడ్లు. మారుతిలో 16510 ఆయిల్ ఫిల్టర్, 13780 ఎయిర్ ఫిల్టర్. మీరు ఏసీ ఫిల్టర్ అడిగితే డబ్బా మీద 28113 కనిపించిందనుకోండి, డబ్బా విప్పక్కర్లేదు, వెనక్కిచ్చేయొచ్చు.

చివరి అంకె ఒక్కటి మారితే కంగారు పడొద్దు, అలాగని సర్దుకుపోనూ వద్దు. కంపెనీలు పార్టును కాస్త మెరుగుపరిచినప్పుడు నంబరు మారుస్తాయి. హ్యుందాయ్ ఆయిల్ ఫిల్టర్ ఒకటి 26300-35503గా ఉండి, తర్వాత 35504, 35505 అయింది. పాతదాని స్థానంలో కొత్తది వాడొచ్చు. కానీ అదే 26300తో మొదలయ్యే 02503 వేరే ఫిల్టర్. “నంబరు మారింది సార్, ఇదే వస్తుంది ఇప్పుడు” అని షాపాయన అంటే నిజం కావచ్చు. అయితే కేటలాగ్‌లో పాత నంబరు కొట్టి, దాని బదులు కొత్త నంబరు వస్తోందని చూపించమనండి.

షాపుకు ఫోన్ చేసి నంబరు చెప్పడం కంటే వాట్సాప్ చేయడం మేలు. మెసేజ్ ఇలా ఉంటే చాలు: “అన్నా, బండి ఫలానా, పెట్రోల్, బీఎస్‌6, తయారీ 2020 జూన్. ముందు బ్రేక్ ప్యాడ్లు కావాలి, పార్టు నంబరు ఇదీ. ఛాసిస్ ఫొటో, పాత ప్యాడ్ల ఫొటో పంపాను. ఏ కంపెనీది ఉంది, ఎంత, సరిపోకపోతే వాపస్ తీసుకుంటారా?” ఈ మెసేజ్ తర్వాత మీకు సాక్ష్యంగానూ ఉంటుంది.

4. పాతదాని పక్కన కొత్తది పెట్టి చూడండి

నంబరు కలిసినా, బిగించే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. ఒక్కో పార్టుకు చూడాల్సిన చోటు వేరు.

బ్రేక్ ప్యాడ్లు: ఒకే మోడల్ కారుకు కంపెనీ ఇద్దరు ముగ్గురు తయారీదారుల క్యాలిపర్లు (ప్యాడ్లను పట్టి డిస్కుకు నొక్కే భాగాలు) వాడి ఉండొచ్చు. ప్యాడ్ ఆకారం, చెవుల వెడల్పు, వెనక రేకు మందం, అరిగినప్పుడు కీచుమనే చిన్న రేకు ఏ వైపు ఉందో చూడండి. చెవులను గ్రైండర్‌తో అరగదీసి బిగించబోతే అక్కడే ఆపండి. ఆ ప్యాడ్లు మీ బండివి కావు.

వీల్ బేరింగులు: 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. చాలా బండ్లలో ఏబీఎస్ సెన్సర్ చదివే అయస్కాంతపు రింగు బేరింగ్ సీలులోనే ఉంటుంది. రింగు లేని బేరింగ్ కూడా కొలతల్లో అచ్చం అలాగే ఉంటుంది, చక్కగా కూర్చుంటుంది, బండి నడుస్తుంది. డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు మాత్రం ఆరదు. రింగు ఉన్నది తిరగేసి బిగించినా అదే గతి. మెకానిక్‌కు ఈ మాట ముందే చెప్పండి.

ఆయిల్ ఫిల్టర్: బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. రబ్బరు రింగు వ్యాసం, మర సైజు కలిసినంత మాత్రాన సరిపోదు. ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ను నేరుగా పంపే లోపలి బైపాస్ వాల్వు ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది ఇంజిన్‌ను బట్టి మారుతుంది, అది కంటికి కనిపించదు. ఇక్కడ నంబరు తప్ప వేరే దిక్కు లేదు.

స్పార్క్ ప్లగ్గులు: మర పొడవు తేడా వస్తే పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది. హీట్ రేంజ్ అంకె (ప్లగ్గు వేడిని ఎంత త్వరగా బయటికి పంపుతుందో చెప్పేది) కూడా కలవాలి. ఎన్‌జీకేలో అంకె పెరిగే కొద్దీ ప్లగ్గు చల్లని రకం, బాష్‌లో అంకె పెరిగే కొద్దీ వేడి రకం. కాబట్టి ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చొద్దు, మార్పిడి పట్టిక చూడమనండి.

బెల్టు: దాని మీదే అంతా రాసి ఉంటుంది. 6పీకే1555 అంటే ఆరు గాడులు, పొడవు 1555 మిల్లీమీటర్లు. పాత బెల్టు సాగి ఉంటుంది కాబట్టి రెండూ వేలాడదీసి కొలవడం కంటే రాత చదవడం మేలు.

బ్యాటరీ: 38బీ20ఎల్ లాంటి కోడ్‌లో చివరి అక్షరం టెర్మినళ్లు ఏ వైపో చెప్తుంది. ఎల్ బదులు ఆర్ తెస్తే కేబుల్ అందదు. దాన్ని లాగి అందించడం ఇంకా ప్రమాదం. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి, మళ్లీ స్టార్టయ్యే కార్లకు మామూలు బ్యాటరీ వేస్తే ఎక్కువ కాలం రాదు, వాటికోసం చేసిన రకమే అడగండి.

టైర్లు: 185/65 ఆర్15 88హెచ్ అని ఉంటే 88 ఒక్కో టైరు మోయగల బరువుకు కోడ్, అంటే 560 కిలోలు. హెచ్ గంటకు 210 కిలోమీటర్ల వేగానికి గుర్తు. వీటికంటే తక్కువది వేయొద్దు. పక్కన నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి: 1425 అంటే 2025లో 14వ వారం. మన ఎండలకు గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్న టైరు డిస్కౌంట్‌లో ఇచ్చినా వద్దు.

థర్మోస్టాట్, రేడియేటర్ మూత: థర్మోస్టాట్ మీద 82, 88 లాంటి ఉష్ణోగ్రత, మూత మీద 0.9, 1.1 లాంటి ఒత్తిడి చెక్కి ఉంటాయి. పాతదాని మీద ఏముందో అదే తీసుకోండి. “మన రాయలసీమ ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదు, పీకేద్దాం” అనే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. పీకేస్తే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. బండి వేడెక్కుతుంటే రేడియేటర్, ఫ్యాన్, కూలెంట్ చూడాలి.

క్లచ్ ప్లేటుకు వ్యాసం, మధ్యలో పళ్ల లెక్క చూస్తే చాలు. బల్బుకు హోల్డర్ మీద రాసిన కోడ్, వాట్లు కలిస్తే సరి. కప్లర్ ఉన్న ఏ పార్టుకైనా పిన్నుల లెక్క, గాడి ఉన్న వైపు చూడండి.

కుడి, ఎడమ విషయంలో కౌంటర్ దగ్గర రోజూ గందరగోళమే. కారు ముందు నిలబడి చూసే కుడి కాదు, డ్రైవర్ సీట్లో కూర్చుంటే వచ్చే కుడి. డ్రైవర్ సైడు, క్లీనర్ సైడు అంటే ఎవరికైనా అర్థమవుతుంది, అలాగే అడగండి.

5. ఒరిజినలా, లోకలా?

కారు కంపెనీ డబ్బాలో వచ్చేది ఒకటి. అదే పార్టును ఆ కంపెనీకి తయారుచేసి ఇచ్చే సంస్థ తన సొంత పేరుతో అమ్మేది ఇంకొకటి. చాలా పార్టుల్లో రెండోది కొంత తక్కువ ధరకే దొరుకుతుంది, నాణ్యతలో బెంగ పడాల్సిన పని లేదు. ఫిల్టర్లు, ప్లగ్గులు, బెల్టులు, క్లచ్, షాక్ అబ్జార్బర్లకు నేను దీనివైపే మొగ్గుతాను. సెన్సర్లు, ఏబీఎస్ భాగాలకు మాత్రం కంపెనీ డబ్బాయే. పేరు వినని లోకల్ సరుకు డోర్ హ్యాండిల్‌కో, మడ్ ఫ్లాపుకో అయితే సరే. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్ దరిదాపులకు రానివ్వొద్దు.

సెకండ్ హ్యాండ్ సామాను పూర్తిగా తీసిపారేయాల్సిందేమీ కాదు. డోరు, అద్దం, సీటు, డిక్కీ మూత లాంటివి స్క్రాప్ బండి నుంచి తీసినవి బాగానే పనికొస్తాయి. ఎయిర్‌బ్యాగులు, సీటు బెల్టులు, స్టీరింగ్ రాడ్లు మాత్రం వద్దు. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) అయితే తాళంలోని ఇమ్మొబిలైజర్‌తో (సరైన తాళం లేకపోతే బండి స్టార్ట్ కానివ్వని ఏర్పాటుతో) కలపాలి. అది చేసేవాళ్లు ఉన్నారో లేదో కనుక్కోకుండా కొంటే బండి స్టార్టే కాదు.

6. డబ్బా పరిశీలన

నకిలీలు ఎక్కువగా తిరిగేది తొందరగా అమ్ముడయ్యే సరుకులోనే: ఫిల్టర్లు, ప్యాడ్లు, ప్లగ్గులు, బేరింగులు, ఆయిల్. అచ్చు తప్పులు, మసకబారిన లోగో, పాత ఎంఆర్‌పీ మీద అంటించిన ఇంకో స్టిక్కర్, గీకితే ఊడొచ్చే హోలోగ్రామ్ చూస్తే అనుమానించండి. డబ్బా మీది నంబరు, లోపలి పార్టు మీది నంబరు ఒకటే కావాలి. డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, పన్నులన్నీ కలిపిన ఎంఆర్‌పీ, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు ఉండటం చట్టం ప్రకారం తప్పనిసరి.

2025 సెప్టెంబరు 22 నుంచి కారు పార్టులన్నింటికీ జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. పాత స్టాకు మీద పాత ఎంఆర్‌పీ కనిపిస్తే, బిల్లులో 18 శాతమే వేశారో లేదో చూసుకోండి.

7. డబ్బు ఇచ్చే ముందు, బిగించాక

షాపులో బేరం ముగిసే ముందే వాపస్ మాట తేల్చుకోండి. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. “అమ్మిన సరుకు వాపస్ తీసుకోబడదు” అని బిల్లు మీద అచ్చు వేసుకున్నంత మాత్రాన అది చెల్లదు. కానీ పార్టు బాగానే ఉండి మీ బండికి సరిపోకపోతే అది లోపం కిందికి రాదు. అక్కడ షాపాయన మాటే మీకు దిక్కు. ఎలక్ట్రికల్ సామాను ఒకసారి కప్లర్‌కు గుచ్చితే దాదాపు ఎవరూ తీసుకోరు. కాబట్టి కవరు చింపకుండానే కప్లర్ పోల్చి చూడండి.

బిల్లులో పార్టు నంబరు రాయించుకోండి. “బ్రేక్ ప్యాడ్ – 1 సెట్” అని రాస్తే రేపు గొడవ వస్తే అది దేని బిల్లో కూడా తేలదు. జీఎస్టీ బిల్లు లేకపోతే వారంటీ అడగడం కష్టం. షాపు దగ్గర తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

మెకానిక్‌నే పార్టు తెమ్మంటే డబ్బాలు, పాత పార్టులు రెండూ మీకు చూపించాలని ముందే చెప్పండి. కొత్తది బిగించి, బండి నడిపి, చప్పుడు లేదని, లైట్లేవీ వెలగడం లేదని తేలేదాకా పాతదాన్ని పారేయొద్దు. ఆ తర్వాత ఖాళీ డబ్బాలను, ఆయిల్ క్యాన్లను షెడ్డులో వదలొద్దు. డబ్బాను చింపండి, క్యాన్‌కు కన్నం పెట్టండి. నకిలీ సరుకు నింపి మళ్లీ అమ్మేవాళ్లకు కావాల్సింది అవే. చింపే ముందు డబ్బా మీది నంబరు, కిలోమీటర్ల రీడింగ్ కలిపి ఒక ఫొటో తీసి ఫోన్లో ఉంచుకుంటే వచ్చేసారి అదే పార్టుకు మళ్లీ షోరూం దాకా వెళ్లే పనుండదు.